పన్నెండో నంబరు భవనం నిలిచి ఉన్న ఆరేళ్లు: పార్క్‌ల్యాండ్ కేస్ స్టడీ

2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌ల్యాండ్‌లో, మార్జొరీ స్టోన్‌మన్ డగ్లస్ హైస్కూల్లో ఫైర్ అలారం రెండుసార్లు మోగింది. పొద్దున మోగింది డ్రిల్లు, అంటే మంట లేస్తే బయటికెళ్లే సాధన. మధ్యాహ్నం 2 గంటల 20 నిమిషాలు దాటాక మోగింది డ్రిల్లూ కాదు, మంటా కాదు. పన్నెండో నంబరు భవనం కింది అంతస్తులో తూటాల దెబ్బకు లేచిన దుమ్మూ పొగా అలారాన్ని మోగించాయి. మూడో అంతస్తులో చాలామందికి కాల్పుల చప్పుడు తెలియలేదు, అలారం మాత్రం వినపడింది. బడి నేర్పినట్టే గదులు వదిలి కారిడార్‌లోకి వచ్చారు. కొద్ది నిమిషాల్లోనే 14 మంది విద్యార్థులు, ముగ్గురు సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. మరో 17 మంది గాయపడ్డారు.

బడిలో కాల్పుల తర్వాత పిల్లల మనసు ఏమవుతుంది, ఏం చేస్తే తేరుకుంటారు, ఏం చేస్తే గాయం ముదురుతుంది అని చూడటానికి ఇంత వివరంగా నమోదైన కేసులు తక్కువ. రాష్ట్రం వేసిన విచారణ కమిషన్ నివేదిక 2019 జనవరిలో వచ్చింది. కాల్చినవాడి మీద నేర విచారణ 2022 చివరిదాకా నడిచింది. కాల్పులు జరిగిన భవనం 2024 వేసవి దాకా బడి ఆవరణలోనే నిలబడి ఉంది. ఈ మూడూ పిల్లల మీద వేర్వేరుగా పనిచేశాయి. కేసు మొత్తం చదివితే కళ్లకు కట్టే విషయం ఒకటుంది. సాయమంతా మొదటి వారాల్లో వచ్చి పడింది. అసలు అవసరం ఏడాది దాటాక బయటపడింది.

ఎవరు ఎక్కడున్నారు

బడిలో మూడు వేలకు పైగా పిల్లలు. పన్నెండో భవనంలో 30 తరగతి గదులు, సుమారు 900 మంది. మిగతావాళ్లు వేరే భవనాల్లో తలుపులు బిగించుకుని, ఫోన్లకు వస్తున్న వీడియోలు చూస్తూ నక్కి కూర్చున్నారు. పక్కనే ఉన్న మిడిల్ స్కూల్ కూడా లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. అక్కడ ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్లలు చాలామంది ఆగస్టులో ఇదే హైస్కూల్లో తొమ్మిదిలో చేరారు. బాధితుల లెక్క హైస్కూల్ హాజరు పట్టీతో ఆపేస్తే వీళ్లు జారిపోతారు.

గాయం తీవ్రతకు మొదటి కొలబద్ద దూరం. లాస్ ఏంజెలెస్‌లో 1984 ఫిబ్రవరి 24న ఎదురింటి నుంచి ఒకడు ఎలిమెంటరీ స్కూల్ ఆటస్థలం మీదికి కాల్పులు జరిపినప్పుడు చేసిన అధ్యయనం ఈ సంగతి తేల్చింది. ఆటస్థలంలో ఉన్న పిల్లల్లో లక్షణాలు అందరికంటే ఎక్కువ. 14 నెలల తర్వాత చూసినా వాళ్లలో చాలామందికి అవి తగ్గలేదు. అయితే దూరం ఒక్కటే చాలదు. 2007 ఏప్రిల్ 16న కాల్పుల్లో 32 మంది చనిపోయిన వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో, మూడు నాలుగు నెలల తర్వాత చేసిన సర్వేలో 15.4 శాతం విద్యార్థుల్లో తీవ్రమైన లక్షణాలు కనిపించాయి. వాళ్లలో ఎందరో ఆ భవనం దరిదాపుల్లోకి కూడా వెళ్లలేదు. స్నేహితుడు బతికున్నాడో లేదో తెలియకుండా గడిపిన గంటలే వాళ్లను దెబ్బతీశాయి. పార్క్‌ల్యాండ్‌లో కొన్ని కుటుంబాలు కబురు కోసం ఒక హోటల్లో రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నాయి.

అందుకే మొదటి వారంలో ప్రతి పిల్లవాడికీ తెరిచే కాగితంలో నాలుగు సంగతులు రాసుకుంటే చాలు: ఆ సమయంలో ఎక్కడున్నాడు, ఏం విన్నాడు లేదా చూశాడు (ఒక్క వాక్యం, అంతకంటే తవ్వొద్దు), పోయినవాళ్లలో దగ్గరివాళ్లు ఎవరు, తనవాళ్లు క్షేమమని తెలియడానికి ఎంతసేపు పట్టింది. నాలుగో ప్రశ్న చాలా ఫారాల్లో ఉండదు. చేర్చి తీరాలి.

ఇంకొకటుంది, దాన్ని ఏ ఫారమూ పట్టుకోదు. అది అపరాధ భావం. దుండగుడు ఏ తరగతి గదిలోకీ అడుగు పెట్టలేదు. తలుపుకున్న అద్దంలోంచి కాల్చాడు. గదుల్లో తూటా తగిలినవాళ్లంతా ఆ అద్దంలోంచి కనిపించే చోట ఉన్నవాళ్లే. అద్దానికి కనపడని మూలలో ఉన్నవాళ్లు బతికారు. చాలా గదుల్లో ఆ మూల ఏదో గుర్తు పెట్టలేదు, కొన్నిచోట్ల బల్లలూ సామాన్లూ దాన్ని ఆక్రమించి ఉన్నాయి. తలుపులకు తాళం లోపలి నుంచి పడదు, టీచరు తాళంచెవితో కారిడార్‌లోకి వచ్చి వేయాలి. బడి అంతటా వినపడేలా కోడ్ రెడ్ (తలుపులు వేసుకుని దాక్కోమనే) హెచ్చరిక సకాలంలో రాలేదు. ఇవన్నీ కమిషన్ నివేదికలో ఉన్నాయి.

థెరపీ గదిలో ఈ నివేదిక పనికొచ్చే సాధనం. "నేను ముందు మూలకు దూరాను, అందుకే వాడికి చోటు దొరకలేదు" అని నమ్ముతున్న పిల్లవాడికి "నీ తప్పేం లేదు నాన్నా" అని వందసార్లు చెప్పినా దిగదు. కాగితం మీద ఒక గుండ్రం గీసి, ఆ రోజు ఏమేం కలిసి అలా జరిగిందో అతనితోనే వాటాలు వేయించాలి. కాల్చినవాడికి ఎంత, తాళానికి ఎంత, రాని హెచ్చరికకు ఎంత, మూలలో ఉన్న బల్లకు ఎంత. తన వాటా చివర్లో వేయాలి. మొదట వేయిస్తే సగం గుండ్రం తనకే రాసుకుంటాడు. అపరాధ భావం తగ్గేకొద్దీ కోపం లేస్తుంది, ఆ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి. లేకపోతే "థెరపీకి వెళ్లాక మొండికెత్తాడు" అని మధ్యలో మాన్పిస్తారు.

తిరిగి బడికి

ఫిబ్రవరి 28న పిల్లలు తిరిగొచ్చారు. సగం రోజే బడి. పాఠాలుండవు, బ్యాగులు తేవద్దని ప్రిన్సిపాల్ ముందే చెప్పారు. పిల్లలకు ఓదార్పుగా ఉండేలా శిక్షణ పొందిన కుక్కలను తెచ్చారు. ఆ రోజు మొదటి పీరియడ్‌తో కాక నాలుగో పీరియడ్‌తో మొదలుపెట్టారు, కాల్పుల వేళ ఎవరితో ఉన్నారో ముందు వాళ్లనే కలుసుకునేలా. ఈ కేసులో తీసుకున్న నిర్ణయాలన్నిటిలో ఇది మేలైనది. ఆ గంటను పంచుకున్నవాళ్ల మధ్య ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు. వేరే భవనంలో ఉన్నవాడి పక్కన కూర్చుంటే ఒకడికి చెప్పాలని ఉంటుంది, ఇంకొకడికి వినే ఓపిక ఉండదు.

ఆ తొలి రోజుల్లో చేయాల్సింది మానసిక ప్రథమ చికిత్స మాత్రమే: భద్రత, నిద్ర, తిండి, తనవాళ్లతో కలపడం, ఎక్కడ సాయం దొరుకుతుందో చెప్పడం. అందరినీ వలయంగా కూర్చోబెట్టి జరిగింది చెప్పించే పని పెట్టుకోవద్దు. ఒక్కసారి కూర్చుని అంతా కక్కించే పద్ధతి వల్ల మేలు లేదని, కొందరికి కీడని ఏనాడో తేలింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంటుంది. అయినా ప్రతి ఘటన తర్వాతా సదుద్దేశంతోనే ఎవరో ఒకరు మొదలుపెడతారు.

ఇలాంటప్పుడు బడుల్లో జరిగే పొరపాట్లు చాలావరకు చిన్నవి, కానీ లోతుగా దిగబడతాయి. హాజరు సాఫ్ట్‌వేర్‌లో పోయిన పిల్లల పేర్లు అలాగే ఉండిపోతాయి. కొత్తగా వచ్చిన టీచరు పేరు పిలిచేస్తుంది. సాయంత్రం "మీ అబ్బాయి ఈరోజు బడికి రాలేదు" అని ఆ ఇంటికి యంత్రం ఫోన్ చేస్తుంది. బడి తెరవడానికి రెండు రోజుల ముందే ఒక్క మనిషికి ఈ పని అప్పగించాలి: హాజరు, ఆటోమేటిక్ కాల్స్, లైబ్రరీ బాకీ నోటీసులు, ఫోటోల ఆర్డర్లు, లాకర్ సామాను. ఖాళీ కుర్చీని పిల్లలు రాకముందే తీసేయకూడదు, అలాగని ఏడాది పొడుగునా గుడిలా ఉంచకూడదు. మొదటి వారం ఉంచి, తర్వాత ఆ తరగతితోనే మాట్లాడి గది మొత్తం అమరిక మార్చేయడం మంచిది.

కౌన్సెలర్లు వారానికొకరు మారకూడదు. మూడో మనిషికి అదే కథ మొదటి నుంచి చెప్పాల్సి వస్తే పిల్లవాడు నాలుగోసారి రాడు. ముప్పై మంది స్వచ్ఛంద సేవకులు రెండు వారాలుండే కన్నా ఆరుగురు రెండేళ్లుంటే నయం.

అలారం

ఈ కేసులో చికిత్స చేసేవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. మామూలుగా భయానికి చికిత్స చేసేటప్పుడు "ఈ శబ్దం అపాయం కాదు" అని మెదడుకు తిరిగి నేర్పుతాం. ఇక్కడ ఆ శబ్దాన్ని నమ్మి బయటికొచ్చినవాళ్లు కాల్పులకు ఎదురుపడ్డారు. పిల్లవాడి లెక్క తప్పు కాదు. అలారం మోగితే కదలకుండా బల్ల కింద దూరడం అతనికి బతుకు నేర్పిన పాఠం. రేపు నిజంగా మంట లేస్తే అదే ప్రాణం మీదికి తెస్తుంది.

కాబట్టి వరస ముఖ్యం. ముందు బడి తన నియమం మార్చాలి, తర్వాతే థెరపీ. డ్రిల్లు ఉంటే ముందు రోజు ఇంటికి కబురు, ఆ రోజు పొద్దున ప్రకటన, పది నిమిషాల ముందు మైకులో మళ్లీ. అనుకోకుండా మోగితే రెండు నిమిషాల్లోపు తెలిసిన గొంతు మైకులో కారణం చెప్పాలి: వంటగది పొగ, మరమ్మతు, నిజంగా మంట, ఏదైతే అది. దుమ్ము లేచే మరమ్మతు పనులు పిల్లలున్న గంటల్లో పెట్టుకోకూడదు. కొంతకాలం ఈ మాట తప్పకుండా నిలబెడితే అప్పుడు పిల్లవాడికి "అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటి" అని అడిగితే చెప్పడానికి నిజమైన జవాబు ఉంటుంది. తేడా లేకుండానే ధైర్యం చెప్పడం మోసం, పిల్లలు అది ఇట్టే పసిగడతారు.

ఆ తర్వాత మెట్లు. భయానికి 0 నుంచి 10 దాకా అంకె వేయించాలి. అమెరికా భవనాల్లో మంట అలారానికి ఒక లయ ఉంటుంది: అర సెకను చొప్పున మూడు మోతలు, ఆపైన ఒకటిన్నర సెకను నిశ్శబ్దం, మళ్లీ మూడు. గోడ మీద తెల్ల లైటు టపటపా కొడుతుంది. చాలామందికి శబ్దం కంటే మోతల మధ్య నిశ్శబ్దమే ఎక్కువ భయం, ఏం వినపడుతుందోనని చెవులు రిక్కిస్తారు కాబట్టి. మొదటి మెట్టు బల్ల మీద వేలితో ఆ లయ కొట్టడం. రెండోది గోడకున్న అలారం పెట్టె ఫోటో. మూడోది శబ్దం లేకుండా లైటు వీడియో. నాలుగోది ఫోన్లో రికార్డింగు, వాల్యూమ్ పదో వంతు. అక్కడి నుంచి కొంచెం కొంచెం పెంచుతూ పోవాలి, శబ్దాన్ని పిల్లవాడే మొదలుపెట్టాలి. తర్వాత అదే రికార్డింగు ఖాళీ కారిడార్‌లో, బడి వదిలాక. చివరి మెట్టు తరగతితో కలిసి లేచి, తలుపు దాటి, మైదానంలో గీత దాకా నడవడం. ఒక్కో మెట్టు మీద భయం అంకె సగానికి పడేదాకా, లేదా "అనుకున్నది జరగలేదు" అని పిల్లవాడే అనేదాకా ఉండాలి. 45 నిమిషాల సెషన్‌లో ఒకటి రెండు మెట్లకంటే ఎక్కువ పెట్టుకోవద్దు. ఇంట్లో వారానికి మూడుసార్లు సాధన.

ఎక్కడ చెడుతుంది? అంకె 8కి చేరగానే థెరపిస్టుకు జాలేసి రికార్డింగు ఆపేస్తాడు, అప్పుడు పారిపోతే హాయి అన్న పాఠం ఇంకా గట్టిపడుతుంది. ఇది మొదటి పొరపాటు. 8 దాకా పోయిందంటే మెట్టు పెద్దదైందని అర్థం. రికార్డింగు ఆపకుండా భయం తగ్గేదాకా ఆ మెట్టు మీదే ఉండి, మర్నాడు చిన్న మెట్టు పెట్టుకోవాలి. రెండోది, క్లినిక్‌లో అన్నీ దాటిన పిల్లవాణ్ని బడికి అలాగే పంపేయడం. గదిలో నేర్చిన ధైర్యం కారిడార్‌లోకి దానంతటదే రాదు. మూడోది చెవుల్లో ఇయర్‌బడ్స్. మొదట్లో పర్లేదు, నెల దాటాక ఒకటి తీసేయాలి, ఆపైన రెండూ.

1999లో కాల్పులు జరిగాక కొలంబైన్ హైస్కూల్లో అలారం శబ్దాన్నే మార్చేశారు. ఆ రోజు వండిన చైనీస్ భోజనాన్ని క్యాంటీన్‌లో మానేశారు. ఇవి మంచి పనులే, బడి పూటకు ఊపిరి పీల్చుకునే చోటు దొరుకుతుంది. అయితే ఆ పిల్లవాడు రేపు వెళ్లే కాలేజీలో, మాల్‌లో, ఆఫీసులో పాత శబ్దమే మోగుతుంది. శబ్దం మార్చాం కదా అని చికిత్స మానేయకూడదు.

భవనం

శాండీ హుక్ ఎలిమెంటరీ స్కూల్లో 2012 డిసెంబరు 14న కాల్పుల్లో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. మిగిలినవాళ్లు ఆ భవనంలోకి మళ్లీ అడుగు పెట్టలేదు. 2013 జనవరి 3న పక్క ఊళ్లోని వేరే బడిలో తరగతులు మొదలయ్యాయి, పాత భవనాన్ని అదే ఏడాది కూల్చేశారు. పార్క్‌ల్యాండ్‌లో అలా కుదరలేదు. నేరానికి అది సాక్ష్యం. చుట్టూ కంచె వేసి, లోపల ఎక్కడిదక్కడే వదిలేశారు. 2022 ఆగస్టులో జ్యూరీ సభ్యులు లోపలికి వెళ్లి చూశారు. 2023 ఆగస్టులో ఒక సివిల్ దావా కోసం అదే భవనంలో నిజం తూటాలతో కాల్పులు మళ్లీ జరిపి చూశారు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ముందే హెచ్చరిక ఇచ్చారు. 2024 జూన్ 14న కూల్చివేత మొదలైంది.

అంటే 2018లో తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లలు బడి వదిలేదాకా అది కళ్లెదుటే ఉంది. మనసు తేరుకోవాలంటే "అది జరిగిపోయింది" అన్న భావం కావాలి. కంచె అవతల ఆ కిటికీలు రోజూ కనపడుతుంటే మెదడుకు అది జరిగిపోయిన సంగతిలా అనిపించదు. భవనాన్ని కదల్చడం కౌన్సెలర్ చేతిలో లేదు, కానీ చేతిలో ఉన్నవి కొన్నున్నాయి. ఏ తరగతి గది కిటికీలోంచి అది కనపడుతుందో మ్యాపు గీసుకుని, ఎక్కువ దెబ్బతిన్న పిల్లలకు ఆ గదుల్లో పీరియడ్లు పడకుండా చూడొచ్చు, కుదరకపోతే వీపు అటు ఉండేలా కుర్చీ మార్చొచ్చు. బస్సు నుంచి తరగతికి రెండో దారి చూపించి, మొదటి వారం పక్కన ఎవరైనా నడవొచ్చు. కోర్టు క్యాలెండరు కౌన్సెలర్ గోడ మీద ఉండాలి: 2021 అక్టోబరు 20న నేరాంగీకారం, 2022 జులై నుంచి శిక్ష మీద విచారణ, అక్టోబరు 13న జ్యూరీ తీర్పు, నవంబరు 2న శిక్ష ఖరారు. ఇలాంటి ప్రతి తేదీకి వారం ముందు, వారం తర్వాత నిద్ర చెడుతుంది, తలనొప్పులతో నర్సు గది నిండుతుంది. కోర్టులో చూపించే వీడియోలు ఫోన్లోకి వచ్చి పడతాయి. ఆ రోజుల్లో ఏ యాప్‌లో ఏ పదాన్ని మ్యూట్ చేయాలో పిల్లలతో కూర్చుని చేయించడం అరగంట పని.

పదమూడో నెల

2019 ఫిబ్రవరి 14న బడి సగం రోజే నడిచింది, పాఠాలు పెట్టలేదు. సేవా కార్యక్రమాలు పెట్టారు, రావడం మానడం పిల్లల ఇష్టం. చాలామంది ఇంట్లోనే ఉన్నారు. రోజు ప్రశాంతంగా గడిచింది. మార్చి మూడో వారంలో, వారం తిరక్కుండా, ఆ కాల్పుల నుంచి బతికి బయటపడ్డ ఇద్దరు ఆత్మహత్య చేసుకున్నారు. ఒకరు అంతకుముందు ఏడాది చదువు పూర్తిచేసి కాలేజీలో చేరిన అమ్మాయి, మరొకరు ఇంకా అదే బడిలో చదువుతున్న అబ్బాయి. అమ్మాయి తాను బతికానన్న అపరాధ భావంతో కుంగిందని, కాలేజీలో తరగతి గదుల్లో కూర్చోవడానికి భయపడేదని తల్లి చెప్పింది.

ఏ ఆత్మహత్యకూ ఒకటే కారణం ఉండదు, అందుకే ఈ రెంటిలో ఏది ఎందుకని ఇక్కడ తవ్వడం లేదు. వ్యవస్థ సంగతి మాత్రం చెప్పాలి. ఏడాది దినం దాటగానే పెద్దలంతా గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటారు. కెమెరాలు వెళ్లిపోతాయి, నిధుల గడువు ముగుస్తుంది, సేవకులు ఇంటికెళ్తారు. "ఇంకా నీకు తగ్గలేదా" అన్న మాట సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. బడి వదిలి వెళ్లిన విద్యార్థి ఏ జాబితాలోనూ ఉండడు.

ఆ మార్చిలోనే ఈగల్స్ హేవెన్ అనే సహాయ కేంద్రం తలుపులు తెరిచింది. ఆత్మహత్య ముప్పును కనిపెట్టడానికి వాడే, కొలంబియా ప్రశ్నలుగా పేరున్న ఆరు ప్రశ్నల పట్టీని తల్లిదండ్రుల చేతికిచ్చారు. అందులో సూటిగా అడగాల్సినవే ఉంటాయి: చచ్చిపోవాలని అనిపించిందా, ఎలా అని ఆలోచించావా, ఎప్పుడైనా ప్రయత్నించావా. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అవునని జవాబొస్తే ఆ రాత్రి పిల్లవాణ్ని ఒంటరిగా వదలకూడదు, ఇంట్లో మందులూ ఆయుధాలూ తాళం వేసి పెట్టాలి, అమెరికాలో అయితే ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయాలి.

లక్షణాల పరీక్షకూ సమయం ఉంది. నెల దాటకముందు పీటీఎస్‌డీ (ఘోరమైన ఘటన తర్వాత తగ్గకుండా నిలిచిపోయే మానసిక గాయం) అని పేరు పెట్టకూడదు. మొదటి వారంలో ప్రశ్నావళి ఇస్తే బడి మొత్తం రోగులుగా తేలుతుంది. ఐదో ఆరో వారంలో ఒకసారి, తర్వాత 3, 6, 12, 18, 24 నెలలకు, కోర్టు తేదీల తర్వాత విడిగా. 8 నుంచి 18 ఏళ్లవాళ్లకు సీపీఎస్ఎస్-5 అనే పీటీఎస్‌డీ ప్రశ్నావళి సరిపోతుంది: 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 80. 31 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పూర్తి ఇంటర్వ్యూ చేయాలి. ప్రశ్నావళి నింపనివాళ్లే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు, తప్పించుకు తిరగడమే జబ్బు లక్షణం కాబట్టి. వాళ్లను హాజరు పట్టీలో వెతకాలి. రోజంతా మానేసినవాణ్ని అందరూ చూస్తారు. ప్రతి బుధవారం నాలుగో పీరియడ్‌కు మాత్రమే మాయమయ్యేవాణ్ని ఎవరూ చూడరు.

చికిత్స ఎవరికి, ఎంత

అందరికీ అక్కర్లేదు. ఉత్తర ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కూడా 2008లో ఫిబ్రవరి 14నే కాల్పులు జరిగాయి, ఐదుగురు విద్యార్థులు చనిపోయారు. అంతకుముందే ఒక పరిశోధనలో చేరి ఉన్న విద్యార్థినులను ఆ తర్వాత రెండున్నరేళ్లు గమనిస్తే, పదిమందిలో ఆరుగురు పెద్దగా కుంగలేదు, దాదాపు ముగ్గురు గట్టిగా దెబ్బతిని నెలల్లో కోలుకున్నారు. మిగిలిన ఒక్కరి కోసం, ఆ ముగ్గురిలో ఆలస్యమయ్యేవాళ్ల కోసం మన దగ్గరున్న మంచి థెరపిస్టుల గంటలు దాచుకోవాలి.

మధ్యస్థంగా ఉన్నవాళ్లకు బడిలోనే సీబీఐటీఎస్ అనే గుంపు పద్ధతి: ఆరుగురు ఎనిమిది మంది, పది సెషన్లు, మధ్యలో ఒకటి నుంచి మూడు ఒంటరి సెషన్లు. ఆ రోజు కథ చెప్పేది ఒంటరి సెషన్లలోనే. కారిడార్‌లో శవాలను దాటుకుని వచ్చినవాణ్నీ జిమ్‌లో దాక్కున్నవాణ్నీ ఒకే గుంపులో వేస్తే ఒకడు నోరు మూసుకుంటాడు, ఇంకొకడు కొత్త పీడకలలు మోసుకెళ్తాడు. తీవ్రంగా ఉన్నవాళ్లకు టీఎఫ్-సీబీటీ అనే, మానసిక గాయానికి విడిగా చేసే థెరపీ, సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు, సగం సమయం పిల్లవాడితో, సగం తల్లితోనో తండ్రితోనో. స్నేహితుణ్ని పోగొట్టుకున్నవాళ్లలో దుఃఖం విడి సమస్య. భయం తగ్గాక అప్పుడు మొదలవుతుంది. ఇంకో నాలుగైదు సెషన్లు దానికి అట్టే పెట్టాలి.

బడికి రాతపూర్వక ఏర్పాటు కావాలి. అమెరికాలో 504 ప్లాన్ దానికే ఉంది: తలుపు కనిపించే సీటు, అడక్కుండా బయటికెళ్లే పాసు, పరీక్షకు ఎక్కువ సమయం, ఫిబ్రవరిలో పెద్ద పరీక్ష లేకుండా చూడటం. నోటిమాటగా ఒప్పుకున్నవి టీచరు మారగానే పోతాయి.

డ్రిల్లుల గురించి ఒక్క మాట. ఫ్లోరిడా 2018 మార్చి 9న తెచ్చిన చట్టం బడుల్లో మానసిక ఆరోగ్యానికి 6.9 కోట్ల డాలర్లు కేటాయించింది, సాయుధ దాడి డ్రిల్లులను కూడా తప్పనిసరి చేసింది. 114 బడుల సమాచారంతో జార్జియా టెక్ పరిశోధకులు చేసిన విశ్లేషణలో, ఇలాంటి డ్రిల్లు జరిగాక 90 రోజుల్లో ఒత్తిడీ ఆందోళనా 42 శాతం, కుంగుబాటు 39 శాతం పెరిగాయి. డ్రిల్లు మానాలని కాదు. చెప్పకుండా పెట్టకూడదు, నటులతో, ఉత్తుత్తి తూటాలతో అస్సలు పెట్టకూడదు. తాళం వేయడం, మూలకు చేరడం, నిశ్శబ్దంగా ఉండటం పావుగంటలో మామూలు గొంతుతో నేర్పొచ్చు.

తెలుగు ఇళ్లలో

టెక్సస్, జార్జియా, న్యూజెర్సీ లాంటి చోట్ల బడులకు వెళ్లే తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు. లాక్‌డౌన్ డ్రిల్లు వాళ్లందరికీ తెలుసు, అమ్మానాన్నల బడి రోజుల్లో అలాంటిది లేదు. ఆ తేడా ఇంట్లో మాట దగ్గర తేలుతుంది. పిల్లలు భయమని అనరు, "అమ్మా, కడుపులో తిప్పుతోంది, ఇవాళ వెళ్లను" అంటారు. ఆదివారం రాత్రి, సోమవారం పొద్దున ఇదే మాట మూడు వారాలు వినపడితే వాము నీళ్లతో ఆగకుండా కౌన్సెలర్‌కి మెయిల్ పెట్టాలి. "అయిపోయిందిగా, దాని గురించి ఆలోచించకు, చదువు మీద పెట్టు" అన్నది ప్రేమతో అన్న మాటే. పిల్లవాడికి మాత్రం ఇక్కడ చెప్పకూడదని అర్థమవుతుంది. "చావు మాటెత్తకు, అశుభం" అన్నది ఇంకా ప్రమాదం, ఆ ఆరు ప్రశ్నలకు తలుపు అక్కడే మూసుకుంటుంది. తల్లిదండ్రులకు ఇంగ్లీషు ఇబ్బందైతే సెషన్‌లో పిల్లవాణ్నే దుబాసీగా పెట్టకూడదు, తన పీడకలను తనే అమ్మకు తర్జుమా చేసే స్థితి తేకూడదు. థెరపీకి వెళ్తే రికార్డులోకెక్కి కాలేజీ సీటు పోతుందని చాలా ఇళ్లలో భయం. బయటి థెరపిస్టు రాసుకున్నవి దరఖాస్తుతో పాటు కాలేజీకి వెళ్లవు.

దీపావళికో పెళ్లికో ఇండియా వచ్చేటప్పుడు పథకం ముందే వేసుకోవాలి. వెయ్యి వాలా సీమటపాకాయ అంటించాక ఆపడం ఎవరి చేతిలోనూ ఉండదు. సాయంత్రం ఏ గదిలో ఉండాలి, ఎవరు తోడుంటారు, ఏ మాట అంటే లేచి వెళ్లిపోవచ్చు, ఇవి బయల్దేరే ముందే తేల్చుకోవాలి. తాతయ్యకు, మేనమామకు ఫోన్లోనే చెప్పి ఉంచాలి. "చిన్నప్పుడు లక్ష్మీబాంబులు కాల్చినవాడివి, ఇప్పుడేంట్రా" అని బావమరుదులు పదిమందిలో ఆటపట్టిస్తే రెండు నెలల సాధన ఒక్క రాత్రిలో పోతుంది. నిద్ర పట్టడం లేదని ఆల్‌ప్రాజొలాం లాంటి మాత్ర రాయించుకోవద్దు. కాల్పుల్లాంటి ఘటన జరిగిన తొలి నెలలో ఈ రకం మందులు పిల్లలకు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నుంచి చెబుతోంది. ఇండియాలో ఉండగా అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416లో తెలుగులో మాట్లాడొచ్చు.

బడి దాటాక

పన్నెండో తరగతి చివర్లో చాలా బడులు ఫైలు మూసేస్తాయి. అక్కడ మూయకూడదు. మే నెలలోపు విద్యార్థి సంతకంతో, కాలేజీ వైకల్య సేవల విభాగానికి పాత 504 ప్లాన్ పంపాలి. కాలేజీలో అది దానంతటదే చెల్లదు, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. థెరపిస్టు మారుతుంటే పాతవాళ్లూ కొత్తవాళ్లూ విద్యార్థితో కలిసి ఒక్కసారైనా ముగ్గురూ మాట్లాడుకోవాలి. రాష్ట్రం మారితే పాత థెరపిస్టు లైసెన్సు అక్కడ చెల్లకపోవచ్చు, వేసవిలోనే చూసుకోవాలి. హాస్టల్లో ఫైర్ డ్రిల్లు సాధారణంగా తొలి వారాల్లోనే ఉంటుంది, తేదీ ముందే అడిగి పెట్టుకోవాలి. తరగతులు మొదలయ్యే ముందు రోజు, ఖాళీగా ఉన్నప్పుడు, టైంటేబుల్ పట్టుకుని ఒక్కో గదికీ వెళ్లాలి. తలుపు ఎటు తెరుచుకుంటుంది, లోపలి నుంచి తాళం పడుతుందా, రెండో దారి ఎక్కడ అన్నది చూసుకుని, నచ్చిన కుర్చీలో పది నిమిషాలు కూర్చుని రావాలి. మొదటిసారి తోడు ఎవరైనా వెళ్లొచ్చు, రెండోసారి ఒక్కడే వెళ్లాలి.